పుస్తకంలో .455, ఛాంబర్‌లో .450: ఒక పాత వెబ్లీ రివాల్వర్ కేసు

వారసత్వంగా వచ్చిన రివాల్వర్ ఒకటి, లైసెన్సు పుస్తకంలో తూటా లావును అంగుళాల్లో చెప్పే అంకె .450 నుంచి .455గా మారినందువల్ల, ఆ కుటుంబం చేజారిపోయే దాకా వచ్చింది. చివరికి వాళ్ల దగ్గరే నిలిచింది. అది ఎలా నిలిచిందో, ఏమేం కొలిచామో, ఏ పనులు వద్దన్నామో వివరంగా రాస్తున్నాను. తాతల నాటి ఆయుధాలు ఇళ్లలో ఉన్న తెలుగు కుటుంబాలు చెన్నైలోనూ బెంగళూరులోనూ చాలానే ఉన్నాయి. వాళ్లలో చాలామందికి తమ రివాల్వర్ అసలు ఏ తూటాకు తయారైందో తెలియదు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను; వాళ్లెవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

చెన్నైలో లైసెన్సుతో తుపాకుల రిపేరు, సేఫ్ కస్టడీ చేసే దుకాణం మాది. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పన్నెండు బోర్ తుపాకులు, కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్లు. వాటికి తూటాలు దొరుకుతాయి, విడిభాగాలు దొరుకుతాయి, పేచీ ఉండదు. 19వ శతాబ్దపు రివాల్వర్ వచ్చినప్పుడు మాత్రం పని మొత్తం మారిపోతుంది. దాని తూటా తయారీ ఎప్పుడో ఆగిపోయింది. దాని గురించి తెలిసిన ఆఫీసర్లు తక్కువ. కాగితాల్లో ఉన్న అంకె ఎవరు రాశారో, ఏం చూసి రాశారో చెప్పేవాళ్లు ఉండరు.

కాగితాలు

మా దగ్గరికి వచ్చినాయన రిటైరైన లెక్చరర్. ఆయన్ని మాస్టారు అనే అంటాను. నెల్లూరు జిల్లా వాళ్లు. మాస్టారి తాతగారు మునసబు చేశారు. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి పెద్ద కొనుగోళ్లన్నీ మద్రాసులోనే. రివాల్వర్ కూడా అలాగే కొన్నారు. తాత నుంచి తండ్రికి వచ్చింది. తండ్రిగారు ఉద్యోగరీత్యా చెన్నైలో స్థిరపడ్డారు, లైసెన్సు కూడా ఇక్కడికి మార్పించుకున్నారు. ఆయన పోయాక కుటుంబం చేసిన మొదటి పని సరైనది: ఆయుధాన్ని బీరువాలో ఉంచుకోకుండా తెచ్చి మా దగ్గర డిపాజిట్ చేశారు. లైసెన్సుదారు చనిపోతే ఆ ఆయుధం ఇంట్లో ఉండటానికి చట్టబద్ధమైన ఆధారం పోతుంది. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాన్ని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంచేసుకుని, తర్వాత టెన్షన్ పడేవాళ్లను చూస్తూనే ఉంటాను.

తర్వాత వారసుల పేరిట లైసెన్సుకు అప్లికేషన్ పెట్టారు. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు ఆ దారి ఉంది. మాస్టారి అన్నగారి పేరు మీద అప్పటికే రెండు తుపాకులు ఉన్నాయి. 2019 సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాల పరిమితి రెండుకు తగ్గింది, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండులోకే వస్తాయి. అందుకని అన్నగారు, చెల్లెలు అభ్యంతరం లేదని రాసిచ్చారు. దరఖాస్తు మాస్టారి పేరుతో వెళ్లింది.

అక్కడే ఆగిపోయింది. పుస్తకంలో ‘వెబ్లీ రివాల్వర్, .455’ అని ఉంది. .455 అంటే ప్రొహిబిటెడ్ బోర్, మామూలుగా పౌరులకు ఇవ్వని కొలత. దాని లైసెన్సు ఇక్కడ ఇచ్చేది కాదు, కేంద్ర హోం శాఖ చూడాలి. ఫైలు చూసిన అధికారి మర్యాదగానే చెప్పారట: “పుస్తకంలో ఉన్నదాన్ని బట్టి నేను చేయగలిగింది లేదండీ. సరెండర్ చేయడం మంచిది.”

మాస్టారు ఆ రోజు సాయంత్రం దుకాణానికి వచ్చి కూర్చున్నారు. “అబ్బయా, మా నాయన దీన్ని నాలుగు వందల యాభై అనేవాడు. ఇప్పుడు వీళ్లు యాభై ఐదు అంటుండారు. ఐదు అంకెలు తేడా వస్తే ఏమవుతుంది?” అని అడిగారు.

చాలా తేడా వస్తుంది. ఆయన దగ్గరున్న కాగితాలన్నీ తెప్పించాను. అన్నింటికంటే పాతది 1878 ఆయుధాల చట్టం కింద ఇచ్చిన లైసెన్సు కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో ఇంగ్లీషు చేతిరాతలో రివాల్వర్ ఒకటి, .450 అని స్పష్టంగా ఉంది. 1959 చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చాక ఇచ్చిన మొదటి పుస్తకంలో కూడా .450 అనే ఉంది. పాత పుస్తకం నిండిపోయి కొత్తది రాసినప్పుడు సున్నా కాస్తా ఐదైంది. ఆ తర్వాత ప్రతి రెన్యువల్‌లో అదే అంకె ఎత్తి రాసుకుంటూ వచ్చారు. ఎవరు మార్చారో నేను వెతకలేదు, దాని వల్ల ప్రయోజనం కూడా లేదు. కానీ ఎందుకు మారి ఉంటుందో ఊహించవచ్చు. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత వెబ్లీ అనగానే అందరికీ గుర్తొచ్చే అంకె .455. సైన్యం దశాబ్దాలపాటు వాడింది అదే. .450 అన్న అంకె అప్పటికే జనానికి తెలియకుండా పోయింది.

పాత కాగితం చూపిస్తే సరిపోతుందని మాస్టారు అనుకున్నారు. సరిపోదని నేను చెప్పాను. చట్టం అడిగే ప్రశ్న కాగితంలో ఏముందని కాదు. ప్రొహిబిటెడ్ బోర్ గురించి చెప్పే చోట మాటలు చాలా జాగ్రత్తగా ఉంటాయి: .380, .455 అంచు తూటాలను (అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చినవి) గానీ, సర్వీస్ 9 ఎంఎం, .45 అంచు లేని తూటాలను గానీ ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) పట్టించుకుని పేల్చగల ఏ బోర్ పిస్టల్ అయినా, రివాల్వర్ అయినా అందులోకి వస్తుంది. ‘ఏ బోర్ అయినా’ అన్నది గమనించండి. ఆయుధం మీద .450 అని చెక్కి ఉన్నా సరే, దాని ఛాంబర్‌లో .455 తూటా పూర్తిగా దిగి పేలితే అది ప్రొహిబిటెడ్ కిందికే వస్తుంది. కాబట్టి కొలవాల్సింది ఛాంబర్‌ని.

ఆయుధం మీద కనిపించినవి

ఘనమైన ఫ్రేము, కుడివైపు చిన్న తలుపు తెరిచి ఒక్కొక్క తూటా వేసే పద్ధతి, ఆరు ఛాంబర్లు. పేలిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగులు తోసెయ్యడానికి సిలిండర్ ఇరుసులోంచి బయటికి లాగి పక్కకు తిప్పే కడ్డీ. చూడగానే వెబ్లీ ఆర్.ఐ.సి. అని తెలిసిపోతుంది. రాయల్ ఐరిష్ కాన్‌స్టబ్యులరీ 1868లో తీసుకున్న మోడల్ అది, ఆ పేరే దానికి స్థిరపడింది. సైన్యం వాడే పెద్ద వెబ్లీలు మధ్యలో విరిచి తెరిచేవి; ఇది అలా విరగదు. నిజానికి ఆ ఒక్క తేడా గమనించి ఉంటే, పుస్తకంలో రాసినవాళ్లకు .455 అన్న అంకె మీద అనుమానమైనా వచ్చి ఉండేది.

పైపట్టీ మీద పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్ అన్న అక్షరాలు సన్నగా ఉన్నాయి. మౌంట్ రోడ్డులో గడియారాలు, నగలతో పాటు తుపాకులు కూడా అమ్మిన దుకాణం అది. బర్మింగ్‌హామ్‌లో తయారైన ఆయుధం మీద అమ్మినవాళ్ల పేరు చెక్కించడం ఆ రోజుల్లో మామూలే. మా ఊళ్లో అమ్ముడైన వస్తువు, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ మా ఊళ్లోనే బల్ల మీదికి వచ్చింది. ఇలాంటివి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కలిగే సంతోషం దాచుకోలేను.

ఫ్రేము ఎడమవైపు మోడల్ పేరు, క్యాలిబర్ చెక్కి ఉండాలి. అక్కడే చిక్కొచ్చింది. ఆయుధాన్ని దశాబ్దాలపాటు తోలు ఒరలోనే ఉంచారు. పదును చేసిన తోలులో ఆమ్లాలు మిగిలి ఉంటాయి, పైగా తోలు గాలిలోని తేమను పీల్చుకుని ఇనుముకు అంటిస్తుంది. సముద్రపు ఉప్పు గాలి తోడైతే చెప్పక్కర్లేదు. ఒర ఎక్కడ గట్టిగా ఒత్తుకుందో అక్కడ తుప్పు గుంటలు పడ్డాయి. 4, 5 కనిపిస్తున్నాయి. మూడో అంకె ఉండాల్సిన చోట చిన్న గుంట. భూతద్దం పెట్టి, వెలుతురు పక్క నుంచి వేసి చూస్తే ఒక వంపు లీలగా తెలిసింది. అది సున్నా కింది వంపు కావచ్చు, ఐదు కింది వంపు కావచ్చు. నేను సున్నా అని నమ్మాను. కానీ నా నమ్మకం రిపోర్టులో రాసే వస్తువు కాదు.

ప్రూఫ్ ముద్రలు, అంటే ఆయుధం ఒత్తిడి పరీక్షకు నిలబడిందని వేసే గుర్తులు, మాత్రం అదృష్టవశాత్తూ బాగున్నాయి. బ్యారెల్ మీద కిరీటం కింద అడ్డంగా రెండు రాజదండాలు, వాటి సందుల్లో బి, పి, సి అక్షరాలు. పక్కనే అదే బొమ్మతో వి అక్షరం. సిలిండర్ మీద కూడా ఛాంబర్ ఛాంబర్‌కీ ముద్ర ఉంది. ఇవి బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1904కి ముందు వాడిన ముద్రలు. 1904 తర్వాత కొత్త గుర్తులు వచ్చాయి, పొగలేని మందుకు పరీక్షించినవాటికి ఎన్.పి. అని వేసేవాళ్లు. ఈ రివాల్వర్ మీద అది ఎక్కడా లేదు. అంటే ఇది నల్లమందు (పొగలేని మందుకు ముందు వాడిన పాతకాలపు నల్ల తుపాకి మందు) తూటాకు మాత్రమే పరీక్షకు నిలబడిన ఆయుధం. ఈ సంగతి తర్వాత కాల్చే ప్రస్తావన వచ్చినప్పుడు చాలా అక్కరకొచ్చింది.

తూటాల వంశం

మాస్టారికి ఇది విడమరచి చెప్పాల్సి వచ్చింది, ఇక్కడా చెబుతాను. బ్రిటిష్ సైన్యం మొదటి సెంటర్‌ఫైర్ (మందును అంటించే క్యాప్ అడుగు మధ్యలో ఉండే) రివాల్వర్ తూటా .450 ఆడమ్స్, 1868 నాటిది. 225 గ్రెయిన్ల సీసపు గుండు, 13 గ్రెయిన్ల నల్లమందు. 1880ల మొదట్లో ఎన్‌ఫీల్డ్ రివాల్వర్‌తో పాటు .476 వచ్చింది. 1891లో .455 వచ్చింది, మొదట నల్లమందుతో, తర్వాత కార్డైట్ అనే పొగలేని మందుతో. 1897లో .455 తొడుగు పొడవు తగ్గించి మార్క్ 2 చేశారు. సైన్యం .450ని వదిలేసినా, పౌరులు కొనుక్కునే రివాల్వర్లలో అది చాలాకాలం నడిచింది. మాస్టారి తాతగారి లాంటి వాళ్లు కొన్నది అదే.

పేర్లు చూస్తే .450, .455, .476 అన్నీ వేర్వేరు లావులని అనిపిస్తుంది. నిజానికి .450 గుండు వ్యాసం కూడా 0.455 అంగుళాలే. తొడుగు అడుగు వ్యాసం .450కి 0.477, .455కి 0.480, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. అసలు తేడా పొడవులో ఉంది. .450 తొడుగు పొడవు 0.69 అంగుళం. .455 మార్క్ 2 పొడవు 0.77. మార్క్ 1 అయితే 0.87. అంచు వ్యాసంలోనూ తేడా ఉంది: .450కి 0.510, .455కి 0.535.

అంటే ఈ కేసు మొత్తం 0.08 అంగుళం మీద, రెండు మిల్లీమీటర్ల మీద ఆధారపడింది. .450 ఛాంబర్ లోపల తొడుగు ఆగే చోట చిన్న మెట్టు ఉంటుంది. అక్కడి నుంచి ముందుకు గుండు మాత్రమే పట్టే సన్నని దారి. ఆ మెట్టు ఫ్యాక్టరీ పెట్టిన చోటే ఉంటే, పొడవైన .455 తొడుగు దానికి తగిలి రెండు మిల్లీమీటర్లు బయటికే ఉండిపోతుంది. పక్క తలుపు మూసుకోదు, సిలిండర్ తిరగదు. కానీ మెట్టు లేకుండా ఛాంబర్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే వ్యాసంలో తొలిచి ఉంటే, లేదా మధ్యలో ఎవరైనా రీమర్ (రంధ్రాన్ని తొలిచి పెంచే పనిముట్టు) పెట్టి మెట్టును ముందుకు జరిపి ఉంటే, .455 హాయిగా దిగిపోతుంది. .450 తూటాలు దొరక్క అలా పెంచేసిన రివాల్వర్లు ఉన్నాయి. ఆరు ఛాంబర్లలో ఒక్కదాన్ని అలా పెంచినా చట్టం దృష్టిలో ఆయుధం మారిపోయినట్టే. అందుకే ఒక ఛాంబర్ కొలిచి మిగతావి అంతే అనుకోకూడదు.

ఛాంబర్ కొలిచిన తీరు

లోపల మెట్టు ఎక్కడుందో వెర్నియర్‌తో బయటి నుంచి చూడటం నమ్మదగిన పద్ధతి కాదు. అచ్చు తీయాలి. బిస్మత్ కలిసిన ఒక మిశ్రమ లోహం దీనికోసం దొరుకుతుంది, 70 నుంచి 88 డిగ్రీల మధ్య కరుగుతుంది. సిలిండర్ విప్పి, ఛాంబర్లలో నూనె పూర్తిగా తుడిచి, ముందువైపు గుడ్డ బిరడా పెట్టి, కరిగిన లోహం పోశాను. ఇది చల్లారగానే కొంచెం కుంచించుకుంటుంది, అందుకే తేలిగ్గా బయటికొస్తుంది. తర్వాత నెమ్మదిగా వ్యాకోచిస్తుంది. పోసిన గంటకు అచ్చం ఛాంబర్ కొలతకు వస్తుంది. ఆ సమయానికే కొలవాలి. మర్నాడు కొలిస్తే అంకెలు పెరిగి ఉంటాయి.

ఆరు అచ్చులు వరసగా బల్ల మీద పెట్టుకున్నాను. ప్రతి దాని మీదా మెట్టు పదునుగా, చుట్టూ సమానంగా ఉంది. అంచు పట్టే చోటు నుంచి మెట్టు దాకా 0.70 అంగుళం పైన కొద్దిగా. ఒకదానికీ ఒకదానికీ తేడా వెంట్రుకవాసి. అచ్చు మీద ఛాంబర్ గోడల గీతలు కూడా దిగుతాయి. మొదట తొలిచినప్పటి రీమర్ గీతలు మెట్టు దాకా ఒకే తీరున వచ్చి ఆగాయి. తర్వాత ఎవరైనా మెట్టును జరిపి ఉంటే కొత్త గీతలు పాత వాటిని కోసుకుంటూ వెళ్లేవి. అలాంటిదేమీ లేదు. ఈ రివాల్వర్ ఛాంబర్లను తయారైన నాటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

అచ్చులు నాకు చాలు, అధికారికి చాలవు. ఆయన కళ్లతో చూడాలి. నిజమైన .455 తూటా వేసి చూపించడం కుదరదు, అది ప్రొహిబిటెడ్ బోర్ మందుగుండు. కాబట్టి ఇత్తడి కడ్డీ తీసుకుని లేత్ మీద .455 మార్క్ 2 కొలతలకు ఒక ఘనమైన గేజ్ చేశాను: అంచు, తొడుగు పొడవు, గుండు ఆకారం అన్నీ సరిగ్గా. రంధ్రం లేదు, క్యాప్ చోటు లేదు, మందు పట్టే ఖాళీ లేదు. అది తూటా కాదు, కొలబద్ద. .450 కొలతకు ఇంకొకటి చేశాను. అడుగున అంకెలు చెక్కాను.

పరీక్ష రోజున పోలీసు శాఖ ఆర్మరర్ (ఆయుధాల నిపుణుడు) వచ్చారు. అనుభవం ఉన్న మనిషి. నేనేమీ వివరించక ముందే గేజ్‌లు తన సొంత మైక్రోమీటర్‌తో కొలుచుకున్నారు. తర్వాత .450 గేజ్ ఒక్కొక్క ఛాంబర్‌లో వేశారు. టక్‌మని అంచు దాకా దిగి కూర్చుంది, తలుపు మూసుకుంది, సిలిండర్ తిరిగింది. ఆ తర్వాత .455 గేజ్. ఆరింటిలోనూ ఒకే చోట ఆగింది. అంచుకూ సిలిండర్‌కూ మధ్య ఫీలర్ గేజ్ దూర్చి సందు కొలిచి రాసుకున్నారు. తలుపు మూయడానికి చూశారు, మూసుకోలేదు. బొటనవేలితో గట్టిగా నొక్కి కూడా చూశారు. ఒత్తిడి పెట్టి చూడటం నాకు నచ్చింది. అది సరైన పరీక్ష. తూటా సొట్టపడి దిగే అవకాశం ఉందా అని తెలుసుకోవాలి కదా.

.45 అంచు లేని తూటా సంగతి కూడా ఆయనే అడిగారు. దాని తొడుగు పొడవు 0.898 అంగుళం. ఈ మెట్టు దగ్గర అది ఇంకా ఎక్కువ బయట ఉండిపోతుంది. .380 తూటా సన్నం, వెనుక అంచు ఆధారం లేకుండా లోపలికి జారిపోతుంది. రెండూ రిపోర్టులోకి ఎక్కాయి. రిపోర్టు ముగింపు ఒకే వాక్యం: ఈ ఆయుధం .455 అంచు తూటాను పట్టించుకుని పేల్చజాలదు.

ట్రంకు పెట్టెలో తూటాలు

ఇంకా రిపోర్టు చేతికి రాకముందే మాస్టారి ఇంట్లో పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే కొన్ని తూటాలు బయటపడ్డాయి. చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. ఆయన మనవడు ఫోన్ చేసి, “అంకుల్, ఇవి తీసుకొచ్చి చూపించనా?” అన్నాడు. కదిలించవద్దని, సంచిలో వేసుకుని ఊళ్లో తిరగవద్దని చెప్పాను. తండ్రిగారి లైసెన్సుతో పాటు ఆ తూటాల చట్టబద్ధత కూడా ముగిసింది. పైగా పాత క్యాపుల్లో పాదరసపు ఫల్మినేట్ ఉండొచ్చు, ఇత్తడి పెళుసుబారి ఉండొచ్చు. పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్లే వచ్చి పంచనామాతో తీసుకెళ్లేలా చేశాం. అడుగున తూటాల కంపెనీ ఎలీ పేరు, 450 అన్న అంకె ఉన్నాయని పంచనామాలో రాయించాం. కుటుంబం వాడింది .450 తూటాలే అనడానికి అది ఊతమిచ్చింది. తీర్పు ఇచ్చింది మాత్రం ఛాంబరే.

ఒక్కసారి కాల్చవచ్చా?

మనవడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాడు. ముత్తాత రివాల్వర్‌తో ఒక్కసారైనా కాల్చాలని అతని కోరిక. ఆ కోరికలో తప్పేమీ లేదు, పాత ఆయుధాలను ప్రేమించే ప్రతివాళ్లకూ ఉంటుంది. ఇంగ్లండులో బిస్లీ షూటింగ్ రేంజ్ లాంటి చోట్ల, ప్రత్యేక అనుమతి కింద అక్కడే భద్రపరిచి, అక్కడే కాల్చేవాళ్లున్నారు. అమెరికాలో 1899కి ముందు తయారైనవాటిని ఫెడరల్ చట్టం యాంటిక్‌గా చూస్తుంది. అక్కడ తమ తూటాలు తామే నింపుకుని నల్లమందుతో కాలుస్తారు. మన దగ్గర పరిస్థితి వేరు. అందుకే అతన్ని కూర్చోబెట్టి మాట్లాడాను.

మొదటిది తూటా. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు రివాల్వర్లకు .32 చేస్తాయి, .450 చేయవు. ఇంట్లో నింపుకోవడం అన్న ఆలోచనే వద్దు. లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం 5వ సెక్షన్‌ను ఉల్లంఘించడం, దానికి జైలు శిక్ష ఉంది. పోటీల్లో వాడదామంటే సెంటర్‌ఫైర్ పిస్టల్ పోటీకి క్యాలిబర్ 9.65 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇది 11 పైనే.

రెండోది ఆయుధం స్థితి. సిలిండర్ గోడలు ఎక్కడ పలుచన అంటే, దాన్ని ఆపడానికి బయట కోసిన గాళ్ల కింద. అవి సరిగ్గా ఛాంబర్ల మీదే పడతాయి. ఈ లోహం నల్లమందు ఒత్తిడికి లెక్కగట్టింది. నల్లమందు మండే తీరు ఒకటి, పొగలేని మందు ఒత్తిడి ఎక్కే తీరు ఇంకొకటి. నల్లమందుతో తొడుగు నిండిపోతుంది, రెట్టింపు పడే చోటే ఉండదు. అదే తొడుగులో పొగలేని మందు కాస్తంతే సరిపోతుంది, పొరపాటున రెండింతలు పడినా బయటికి కనిపించదు. పాత రివాల్వర్లు పగిలేది అక్కడే.

మూడోది బ్యారెల్. మెత్తని సీసపు గుండును కర్రతో నెమ్మదిగా తోసి కొలత తీశాం. ఇందులో గుండును తిప్పే గాళ్లు ఏడు. బేసి సంఖ్య కాబట్టి మామూలు మైక్రోమీటర్‌కు గాడి ఎదురుగా గాడి దొరకదు, వి ఆకారపు దిమ్మ ఉన్న మైక్రోమీటర్ కావాలి. గుండు మూతి దగ్గర బిగుతుగా, మధ్యలో ఒక చోట వదులుగా నడిచింది. అక్కడ లోపల తుప్పు గుంట ఉంది. నల్లమందు మసి, పాత క్యాపుల ఉప్పు రెండూ తేమను లాగుతాయి; కాల్చాక నీళ్లతో కడగకుండా నూనె రాసి పెట్టేస్తే లోపల ఇలాగే తినేస్తుంది.

అతను చాలాసేపు ఆలోచించి, “అయితే ఇది ఇక కాల్చడానికి కాదన్నమాట” అన్నాడు. అవునన్నాను. ఫైరింగ్ పిన్ను గానీ బ్యారెల్ గానీ కోసేసి నిర్వీర్యం చేద్దామా అని మాస్టారు అడిగితే దానికీ వద్దన్నాను. ఫ్యాక్టరీ కొలతలు చెక్కుచెదరకుండా ఉన్న ఛాంబర్లు, మద్రాసు దుకాణం పేరు, పూర్తి ప్రూఫ్ ముద్రలు ఉన్న ఆయుధం అది. కోసేస్తే అందులో చదవగలిగినదంతా పోతుంది.

క్యూరియో (అపురూపమైన పాత వస్తువు) దారి ఉందని ఒక బంధువు చెప్పారట. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ చేసిన మార్పు ప్రకారం క్యూరియో కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను సంపాదించడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ లైసెన్సు అక్కర్లేదన్న మాట నిజమే. కానీ వాడాలన్నా, మోసుకెళ్లాలన్నా, ఒక చోటు నుంచి ఇంకో చోటికి తరలించాలన్నా లైసెన్సు కావాలి. చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు కూడా చాలామంది అనుకున్నంత వెడల్పైనది కాదు. రిపేరు చేసినా చేయకపోయినా ఆయుధంగా పనికిరాని స్థితిలో ఉండాలి. ఈ రివాల్వర్ హ్యామర్ పడుతుంది, సిలిండర్ తిరుగుతుంది. ఇప్పటికే లైసెన్సు చరిత్ర ఉన్న, పనిచేసే ఆయుధాన్ని క్యూరియో అని సొంతంగా తీర్మానించుకుని ఇంటికి తీసుకెళ్లడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. పుస్తకం సరిచేయించుకోవడమే మంచిదని చెప్పాను.

శుభ్రం చేసిన తీరు

మనవడు నికెల్ పాలిష్ చేయిద్దామన్నాడు. ఒప్పుకోలేదు. గరుకు కాగితం పెట్టి రుద్దితే తుప్పుతో పాటు ప్రూఫ్ ముద్రల అంచులు కూడా పోతాయి. మందమైన తుప్పు మీద పల్చని నూనె వేసి నానబెట్టి, చెక్క పుల్లలతో, మెత్తని కంచు ఉన్నితో ఊడివచ్చినంత మాత్రమే తీశాం. మిగిలిన గోధుమరంగు అలాగే ఉంచాం.

లోపలి భాగాల్లో ఇంకో సంగతి. ఇంట్లో పెద్దవాళ్లు శ్రద్ధగా ఏటా ఆయుధ పూజకు నువ్వుల నూనె రాశారు. ఆ నూనె గాలికి గట్టిపడి, స్ప్రింగ్ చుట్టూ జిగురు పొరలా పేరుకుంది. ట్రిగ్గర్ బరువుగా ఉండటానికి కారణం అదే, ఏ భాగమూ అరగలేదు. కరిగించి తీశాక ఆరు ఛాంబర్లూ బ్యారెల్‌తో సరిగ్గా కలుస్తున్నాయి. పూజ చేసుకోండి, నూనె మాత్రం తుపాకులకు వాడే మినరల్ ఆయిల్ రాయండి అని మాస్టారి భార్యకు ఒక సీసా ఇచ్చి పంపాను. బయటివైపు మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పూశాం. వాల్‌నట్ పిడికి ఏమీ చేయలేదు. ఒర విడిగా ఒక గుడ్డ సంచిలో ఉంది, ఆయుధం ఇక దాంట్లోకి వెళ్లదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో సిలికా జెల్ పొట్లాలు తరచూ మార్చాలి. రంగు మారిందంటే వేడిచేసి తిరిగి పెట్టొచ్చు.

ఇప్పటి పరిస్థితి

ఆర్మరర్ రిపోర్టు, పాత కాగితాల నకళ్లు, ఆరు ఛాంబర్ల కొలతల పట్టిక, అచ్చుల ఫోటోలు, పంచనామా కాపీ కలిపి ఫైలు మళ్లీ వెళ్లింది. అధికారి ఇంకో ప్రశ్న వేశారు: ముందటి పుస్తకంలో తప్పుందని ఒప్పుకుని దిద్దాలా, లేక కొత్త వివరణతో కొత్తగా ఎక్కించాలా అని. రెండూ చేశారు. మాస్టారి పుస్తకంలో ఇప్పుడు వెబ్లీ ఆర్.ఐ.సి., .450, సీరియల్ నంబరు, ఆరు ఛాంబర్లు, .455 పట్టదని రిపోర్టు నంబరుతో సహా ఉంది. తూటాల గడిలో సున్నా రాయించాం. ఆయన ఎలాగూ కొనరు, ఆ గడి ఖాళీగా ఉంటే తర్వాత ఎవరో ఏదో రాసే వీలుంటుంది.

లైసెన్సు గడువు ఐదేళ్లు. పుస్తకం రెన్యువల్‌కు వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర నుంచి కదలక ముందే క్యాలిబర్ అంకె చదువుకోమని మాస్టారికి చెప్పాను. ఆయన ఆ పని మనవడికి అప్పగించారు. కొలతల పట్టిక ఒక కాపీ అతని దగ్గర, ఒకటి మా దుకాణం రికార్డులో ఉన్నాయి. రెండు ఇత్తడి గేజ్‌లూ మా దగ్గరే ఉన్నాయి. ఈ మధ్య ఇంకో కుటుంబం వాళ్ల బుల్‌డాగ్ రివాల్వర్ తెచ్చారు, పుస్తకంలో .45 అని మాత్రమే ఉంది. దాని అచ్చులు తీయడం మొదలుపెట్టాం.